దేవదారు పడవ, తమ్ముడి గోడ

ఖమ్మం జిల్లా దుమ్ముగూడెం కాపురస్తురాలిని, కీర్తిశేషులు వడ్రంగి యేసుదానం గారి కుమార్తెను, కీర్తిశేషులు జయరాజ్ గారి భార్యను అయిన విశ్రాంతమ్మ అనే నేను, వయసు యాభై తొమ్మిది, సర్కారు నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న మరణశాసనం ఇది. నా బుద్ధి నిలకడగానే ఉంది. నిలకడ లేనిది గుండె ఒక్కటే. చిన్నప్పటి కీళ్ల జ్వరం అందులో ఒక కవాటాన్ని పాడుచేసింది, దాన్ని మార్చాలని హైదరాబాదు డాక్టర్లు అంటున్నారు. ఈ సాయంత్రం బస్సుకు బయలుదేరుతున్నాను. తిరిగి వస్తానా అని వాళ్లను అడగలేదు. అడిగితే "దేవుడి మీద భారం వెయ్యండమ్మా" అంటారు. నౌకరీ చేసినన్నాళ్లూ నేనూ జనానికి అదే చెప్పాను కాబట్టి ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. నాకు సంతానం లేదు. ఈ మాట రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది గానీ నిజం నిజమే.

భద్రాచలంలో ఉండే అడ్వొకేటు నిర్మలాదేవి గారు నాకు ముసాయిదా రాసిచ్చి, "మీ సొంత కబుర్లు ఇందులో కలపకండి విశ్రాంతమ్మ గారూ" అని మరీ మరీ చెప్పారు. కలుపుతున్నాను. ఏది ఎవరికో రాస్తే చాలదు, ఎందుకో కూడా రాయకపోతే మా ఇంట్లో ఇంకో గోడ లేస్తుంది. ఆమె చెప్పిన రెండో మాట మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. వీలునామా మీద సాక్షిగా సంతకం పెట్టినవారికి గానీ, వారి భార్యకో భర్తకో గానీ, ఆ వీలునామా కింద ఒక పుల్ల ముక్క కూడా రాదట. రాసినా చెల్లదట. అందుకని సాక్షులుగా ఇద్దరిని రమ్మన్నాను. ఒకరు మా దవాఖానాలో నాతో పాటు కాంపౌండరుగా చేసిన బిచ్యా. రెండోవారు మా పాస్టరు గారు. నా తమ్ముడు జస్టిన్, అతని కూతురు స్తుతి, ఎర్రబోడు భవాని, ఈ ముగ్గురికీ కొంత కొంత రాస్తున్నాను కాబట్టి వీళ్లు సంతకం జోలికి రాకూడదు.

ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. నేను ముందు గదిలో కూర్చుని రాస్తున్నాను. నా పక్కనే చెక్క స్టాండ్ల మీద పడవ ఉంది. భవాని దాని ముక్కు దగ్గర మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జస్టిన్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, లోపలికి రాడు, బయటికి పోడు. బిచ్యా, స్తుతి కిటికీ కింద కూర్చున్నారు, పాస్టరు గారు ఇంకా రావాలి. వాన తగ్గింది గానీ గోదావరి తగ్గలేదు. ఈ నలుగురైదుగురు ఒక గదిలో ఇంత సేపు ఒకరినొకరు తిట్టుకోకుండా కూర్చోవడం ఈ ఇంట్లో ఇదే మొదలు.

1. నా ఆస్తి. నా పేరు మీద ఉన్నది మా నాన్న కట్టిన పెంకుటింట్లో తూర్పు సగం. పడమటి సగం జస్టిన్‌ది. రెండు వాటాల ముందూ, దక్షిణాన, ఒక సందు, ఇంటి వైపు సగం నాది, అవతలి సగం అతనిది. నా గోడల మీద రెండు వాటాల దూలాలూ ఆని ఉన్నాయి, కాబట్టి వాటిని ఇద్దరిలో ఎవరూ కదిలించకూడదని నాన్న పంపకాలప్పుడే చెప్పి వెళ్లాడు. కదిలిస్తే కప్పు ఇద్దరి నెత్తినా పడుతుంది. ఈ సంగతి ముందే రాస్తున్నాను, "నీ గోడే పగలగొట్టుకోవచ్చు కదా" అని రేపు ఎవరూ అనకుండా.

2. పడవ. దీన్ని ఎర్రబోడు గ్రామ ఆశా కార్యకర్త భవానికి రాసి ఇస్తున్నాను. పడవతో పాటు రెండు వైపులా ఆకున్న తెడ్డు, మీద కప్పే రెక్సిను గుడ్డ కూడా ఆమెవే.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇది లాంచీ కాదు, చెట్టు మొదలు తొలిచిన దోనె కాదు. దేవదారు చెక్కను బొటనవేలు వెడల్పున, చెప్పు అట్టంత మందాన పొడుగు పట్టీలుగా చీల్చి, పాత పెట్టెల చెక్కతో కోసిన అచ్చుల మీద వంచి, ఒకదాని పక్కన ఒకటి అంటించి, పైన గాజు నారతో నేసిన గుడ్డ పరిచి రెజిను జిగురు పూసి చేసింది. పైభాగం కూడా మూసే ఉంటుంది, మధ్యలో ఒక మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేంత గుంట. వరసగా మూడు మంచాలు వేసినంత పొడుగు. వేరే దేశాల్లో కయాక్ అంటారట. స్తుతి భద్రాచలంలో నెట్ సెంటరుకు వెళ్లి బొమ్మలు తీయించి తెచ్చింది. ఆ బొమ్మల్లో తెల్లవాళ్లు సరదాకు తిరుగుతూ ఉన్నారు. నాకు సరదాతో పని లేదు. నేను చూసింది ఒకటే, ఒక ఆడమనిషి ఆ పడవను ఒక్కతే భుజాన వేసుకుని నడుస్తోంది. దోనెను బురదలోంచి లాగాలంటే నలుగురు మగాళ్లు కావాలి, ఆ నలుగురూ తాగకుండా ఉండాలి.

రెండు వానాకాలాల కిందట భవాని అక్క ఆదెమ్మకు నొప్పులు వచ్చాయని కబురొస్తే పరుగున వెళ్లాను. ఎర్రబోడుకూ మాకూ నడుమ మామిళ్ల వాగు. ఎండాకాలం మోకాలి లోతు. గోదావరికి వరదొస్తే నీళ్లు వెనక్కి తన్ని వాగు చెరువులా నిండిపోతుంది, వారాల తరబడి అలాగే నిలబడుతుంది. అవతలి గట్టు మీదికి ఆదెమ్మను మంచంతో తెచ్చి దించారు. ఇవతలి గట్టు మీద నేను. దోనె ఉంది, లాగే మనుషులు లేరు. ఇవతల నుంచి నేను అరుస్తూ చెప్పాను, అవతల భవాని చేసింది. బొడ్డు కోయడం కూడా అరిచే చెప్పాను. పిల్ల బతికింది. తల్లికి రక్తం ఆగలేదు. ఆపే ఇంజెక్షను నా సంచిలోనే ఉంది. విసిరితే అందే దూరం కాదు. ఆదెమ్మ మూలగడం ఆపేసిన సంగతి దూరాన ఉన్న నాకే ముందు తెలిసింది, పక్కనే ఉన్న భవానికి పిల్లను తుడిచే పనిలో తర్వాత తెలిసింది. ఈ వయసులో నీకు పడవ ఎందుకని అడిగినవాళ్లందరికీ ఇదే నా జవాబు. నాకు ఇంకో జవాబు లేదు.

భవాని తర్వాత ఆశా పనిలో చేరింది. అక్క బిడ్డను తనే పెంచుతోంది. ఈ గదిలో పడవను స్టాండ్ల మీద పెట్టి, ఆమెను గుంటలో కూర్చోబెట్టి, గాలిలో తెడ్డు వేయించాను. వీధి పిల్లలు సందులోకి వచ్చి కిటికీ పట్టుకుని పడీపడీ నవ్వారు. నవ్వనీ. పడవ ముక్కులోనూ తోకలోనూ ఎండబెట్టిన సొరబుర్రలు కుక్కి మూసేశాం, అవి భవాని తన పందిరి మీద కాయించినవే. నీళ్లు నిండినా మునగదు. మునగదని నా నమ్మకం. ఈ పడవ ఇంతవరకు నీళ్లను తాకలేదన్న సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను. లోపలి రెండో పూత ఇంకా వేయాల్సే ఉంది, అది లేకున్నా ఒకటి రెండు సార్లకు ఫరవాలేదు. మొదటిసారి దించేటప్పుడు పాత కాలువ లాకుల దగ్గర నిలవ నీటిలో, మోకుతాడు కట్టి దించాలి. కుదురుగా నిలిచిందని చూశాకే వాగుకు తీసుకుపోవాలి. ఇది షరతు.

పడవకు నా పేరు గానీ ఇంకే పేరు గానీ పెట్టవద్దు. పేరు పెడితే ప్రారంభోత్సవం, ప్రారంభోత్సవం అంటే కమిటీ, కమిటీ అంటే పడవ చర్చి వరండాలో చెదలు పట్టిపోతుంది.

3. దేవదారు సంగతి. దీని మీద నా తమ్ముడికి నా మీద కోపం ఉంది. ఆ కోపం ఏమిటో అతని వైపు నుంచే రాస్తాను, అబద్ధమైతే గుమ్మంలోనే ఉన్నాడు కాబట్టి లేచి చెప్పవచ్చు.

మా నాన్న మిషన్ వడ్రంగి. మా చర్చికి లోపలి కప్పు కింద దేవదారు చెక్కలు బిగించింది ఆయనే. స్లాబు వేయడానికి ఆ కప్పు ఊడదీసినప్పుడు కమిటీ వాళ్లు చెక్కను వేలానికి పెట్టారు. జస్టిన్ పాట పాడాడు, నేనూ పాడాను. అతను మధ్యలో ఆగిపోయాడు. "అక్క కొంటే ఏంది, నేను కొంటే ఏంది, ఇంట్లనే ఉంటది" అనుకున్నాడట. నాన్న గుర్తుగా దానితో ప్రసంగ పీఠం చేయిస్తానని అతని ఊహ. నేను ఏం చేయబోతున్నానో అతను అడగలేదు, నేను చెప్పలేదు. మా ఇంట్లో ముఖ్యమైన మాటలన్నీ ఇలాగే జరుగుతాయి. తర్వాత ఒక రోజు డ్యూటీ దిగి వచ్చేసరికి ఈ గదిలోంచి రంపం చప్పుడు వినిపించింది. వచ్చి చూసి, నేల మీద ఉన్న పట్టీలను చేతిలోకి తీసుకుని, "నాన్న చెయ్యి తగిలిన చెక్క అక్కా. పొయ్యిల పెట్టే పుల్లలు చేసినవ్" అన్నాడు. ఆ రోజు నుంచి నాతో కండక్టరు ప్రయాణికులతో మాట్లాడినంతే మాట్లాడుతున్నాడు. అతను ఆర్టీసీ కండక్టరే. ఊరందరినీ లోపలికి జరగండి అంటాడు గానీ తాను మాత్రం అంగుళం జరగడు.

నాన్న బతికుంటే నన్ను తిట్టేవాడని నాకూ తెలుసు. చెక్కను చీల్చినందుకు కాదు, మొదటి రోజుల్లో సమంగా చీల్చనందుకు. పాత మేకులు తగిలి రంపం పళ్లు పోయాయి. ముక్కు దగ్గర మెలి తిప్పేటప్పుడు పట్టీలు పట్ పట్‌మని విరిగేవి. వేడినీళ్లలో ముంచిన గోనె చుట్టి వంచితే మాట వింటాయని తర్వాత తెలిసింది. అంటించిన పట్టీలను పట్టి ఉంచడానికి బిగింపులు కొనలేక పీవీసీ పైపును గాజుల్లా కోసి తగిలించాను. రెజిను మొదటి పూత ముసురులో పూసి మతిలేని పని చేశాను. అది ఆరలేదు, బెల్లం పాకంలా సాగింది, అంతా గీకి మళ్లీ వేశాను. మేకులు తీసిన ప్రతి బొక్కలోనూ అదే చెక్క చీల వేసి పూడ్చాను. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడితే ఆ చీలలన్నీ వరసగా కనిపిస్తాయి. నాన్న కొట్టిన మేకుల వరస అదే. జస్టిన్ ఒక్కసారి లోపలికి వచ్చి చూసి ఉంటే బాగుండేది.

4. గోడ. వేసవిలో గుండె పరీక్షలకని ఖమ్మం వెళ్లి వారం రోజులు దవాఖానాలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి నా గుమ్మానికి సరిగ్గా ఎదురుగా, సందులో తన సగం మీద, జస్టిన్ ఇటుక గోడ కట్టించాడు. పడవ పొడుగు, సందు ఇరుకు. గుమ్మంలోంచి తిన్నగా బయటికి వచ్చి సందు మొగకు తిరగాలంటే ఎదురుగా ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ ఇప్పుడు గోడ. పైకెత్తి దాటిద్దామంటే గుమ్మం పైకమ్మి అడ్డం. ఎలా తిప్పినా పడవ నడుము దాకా వచ్చి ఆగిపోతుంది. నేను కట్టేటప్పుడు గుమ్మం కొలుచుకున్నాను, సందు కొలుచుకున్నాను, తమ్ముణ్ణి కొలుచుకోలేదు.

అడిగితే "నా జాగల నేను కట్టుకున్న. కావాలంటే పంచాయితీ పెట్టుకో" అన్నాడు. గోడకు పడవ ముక్కు పట్టేంత కంత ఒక్కటి కొట్టమన్నాను, మూరెడు వెడల్పు చాలు. దక్షిణం వైపు దారి తెరిస్తే ఇంటికి అరిష్టమన్నాడు. సంఘంలో పెద్ద, ఆదివారం ఆదివారం ముందు వరసలో నిలబడి పాటలు పాడే మనిషి! ప్రభువు అన్ని దిక్కులూ సమానంగానే చేశాడని నేనంటే, "ప్రభువుకు ఇల్లు లేదు, నాకుంది" అన్నాడు. తాపీ మేస్త్రీ ఒకతను వచ్చి పడవను నడిమికి కోసి బయట మళ్లీ అతికించమని సలహా ఇచ్చాడు. ఒక పగలంతా రంపం పట్టుకుని పడవ పక్కన కూర్చున్నాను. కోయలేకపోయాను. నడుము దగ్గర అతుకు ఉన్న పడవలో నేను భవానిని కూర్చోబెట్టను.

ఈ సంగతంతా ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, ఈ పొద్దున భవాని మందుల కోసం దోనెలో దాటి వచ్చింది. ఆమె వచ్చిన గంటలోపే నీళ్లు ఎగదన్నాయి. దోనెవాళ్లు ఇక వేయమని దోనెను గట్టెక్కించి బోర్లించారు. ఎర్రబోడులో ముత్యాలు భార్యకు నెలలు నిండాయి, ఇవాళో రేపో అన్నట్టు ఉంది. ఆ ఊళ్లో పురుడు చూసే మనిషి భవాని ఒక్కతే. ఆ ఒక్కతే ఇప్పుడు నా గదిలో కూర్చుని ఉంది. చీకటి పడేలోపు ఆమె అవతలి గట్టున ఉండాలి. నేను వద్దన్నా ఆమె వినేట్టు లేదు. "పడవ రాకుంటే ఈదుకుంట పోత సిస్టరమ్మా. మల్లొకసారి గట్టు మీది మాటలతోని పురుడు కానియ్య" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె నా వైపు కాదు, జస్టిన్ వైపు చూసింది. జస్టిన్ నేల వైపు చూశాడు.

5. నా సగం ఇల్లు. పైన చెప్పిన గోడకు జస్టిన్ తన చేత్తో గానీ తన ఖర్చుతో గానీ దారి తీసి, పడవ ముక్కలు కాకుండా బయటికి వెళ్లనిస్తే, నా తూర్పు సగం ఇల్లు అతనికి చెందుతుంది. అప్పుడు ఇల్లంతా అతనిదే, నాన్న కట్టినట్టే ఒకటిగా ఉంటుంది. అలా చేయకపోతే నా సగం అతనికి రాదు. అడవి ఊళ్ల నుంచి పురిటికి ముందుగా వచ్చి దవాఖానా వరండాలో పడుకునే ఆడవాళ్లు ఉండడానికి ఆ సగాన్ని స్తుతి, భవాని కలిసి నడపాలి. అప్పుడు జస్టిన్‌కు గోడ అవతల జీవితాంతం పసిపిల్లల ఏడుపు.

ఇది బెదిరింపు అంటారా? అనండి. నాకు వేరే ఆయుధం లేదు. చేతిలో ఉన్న ఇల్లు చూపించి తమ్ముడి మెడ వంచాలని చూస్తున్నందుకు నాకు సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

6. పనిముట్లు. నాన్న చిత్రిక పట్టే రందా, ఉలులు, రెండు రంపాలు, చెక్కకు గీత గీసే మూలమట్టం నా మేనకోడలు స్తుతికి. పదో తరగతి నుంచి ఈ పిల్ల నా గదిలో పొట్టు ఊడ్చింది, రెజిను కలపడం నాకంటే బాగా నేర్చింది. "అత్తా, నీ పడవ నీళ్లల్ల తేలితే నేను ఇంకోటి చేస్త" అంది. రందా బ్లేడును వారానికొకసారి సానపట్టాలి. దాన్ని కొబ్బరికాయ కొట్టడానికో, డబ్బా మూత తీయడానికో వాడితే నేను ఎక్కడున్నా నాకు తెలుస్తుంది.

7. నా రేడియో బిచ్యాకు ఇద్దామనుకున్నాను. ఇన్నేళ్లు మందుల గదిలో ఇద్దరం కలిసి విన్నదే. కానీ సాక్షికి ఏదీ రాయకూడదన్నారు. అందుకని ఇవాళ పొద్దున్నే బతికుండగానే చేతికిచ్చేశాను. చేతితో ఇచ్చినదానికి ఏ కాగితమూ అడ్డు రాదు. బ్యాటరీలు అతనే వేసుకోవాలి.

8. ఒక చెక్క. అన్ని చెక్కలనూ చీల్చాను గానీ ఒకదాన్ని చీల్చలేదు. దాని వెనక వైపు నాన్న పెన్సిలుతో "పీఠం మీద, ఎడమ" అని రాసుకున్నాడు, ఏ చెక్క ఎక్కడ బిగించాలో గుర్తుకు. ఆ రాత చూశాక రంపం పెట్టలేకపోయాను. అది నా మంచం కింద పాత చీరలో చుట్టి ఉంది. అది జస్టిన్‌కు. దీనికి ఏ షరతూ లేదు. గోడ కొట్టినా, కొట్టకపోయినా, నా మీద ఇంకో గోడ కట్టినా అది అతనిదే.

9. నా అంత్యక్రియలు. మామూలు చెక్క పెట్టె చాలు. పాటలు చిన్నవి పాడండి. ఆ రోజు వాగు నిండి ఉంటే భవాని రానక్కర్లేదు, ఆమె పని అవతల. నా గురించి ప్రసంగంలో "ఎందరికో పురుడు పోసిన తల్లి" అనే మాట వాడవద్దు. ఆదెమ్మ పక్క ఊరిదే, ఆమె వాళ్లు కూడా వింటూ ఉంటారు.

10. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత అడ్వొకేటు నిర్మలాదేవి గారిది. ఆమె వద్దన్న కబుర్లన్నీ కలిపినందుకు క్షమించాలి.

11. పై పది అంశాలు రాసి, గదిలో అందరికీ వినపడేట్టు చదివాను. చదివాక జరిగినదాన్ని కూడా ఇందులోనే చేరుస్తున్నాను, ఎందుకంటే దానివల్ల రెండు అంశాలు మారుతున్నాయి.

చదవడం ఇలా పూర్తవగానే పాస్టరు గారి దగ్గర నుంచి మనిషి వచ్చాడు. ఆయన ఇద్దరికీ కాపరి గనుక అక్కాతమ్ముళ్ల తగాదా కాగితం మీద సంతకం పెట్టలేరట. సాక్షి ఒకరు తక్కువయ్యారు. పక్కింట్లోంచి ఎవరినైనా పిలుచుకొస్తానని బిచ్యా లేచాడు. అప్పుడు జస్టిన్ కుర్చీ వదిలి లోపలికి వచ్చాడు. రంపం చప్పుడు విన్న ఆ రోజు తర్వాత అతను ఈ గది గడప లోపలికి రావడం ఇదే.

"ఎవ్వర్నీ పిలవకు. కలం ఇటియ్యి" అన్నాడు.

"నువ్వు సంతకం పెడితే నీకు ఇల్లు రాదన్నా. ఇప్పుడే చదివింది కదా" అని బిచ్యా చెప్పాడు.

"ఇనపడ్డది. నేనేం చెవిటోణ్ణి కాదు" అన్నాడు జస్టిన్. తర్వాత నా వైపు తిరిగి అన్న మాటలు అతను అన్నట్టే రాస్తున్నాను. "ఇల్లు ఆశపెడితే గోడ కొడ్తననుకున్నవా అక్కా? రేపు ఊరంత ఏమంటది? జస్టిన్ ఇంటి కోసం కొట్టిండు అంటది. నా బిడ్డ గూడ గదే అనుకుంటది. నీ సగం నాకొద్దు. గోడ నాది. నేను కట్టిన, నేనే కొడ్త."

మరి ఇన్నాళ్లూ ఎందుకు కొట్టలేదని అడిగాను. గొంతు పెద్దదే అయి ఉంటుంది.

"చెక్క కోసం అనుకుంటున్నవా? చెక్క కోసం కోపం ఉన్నది, లేదంటలేను. గోడ అందుకు కట్టలే. పడవ బయటికొస్తే ముందుగాల ఎక్కేది నువ్వే. సిన్నప్పటి సంది నీ సంగతి నాకెర్క లేదా? ఆ గుండెతోని వాగు నడిమిట్లకు పోయి ఆడ్నే కూలబడతవ్. ఖమ్మం డాక్టరు నీకు చెప్పకముందు నాకు చెప్పిండు. నువ్వు దవాఖానాల ఉన్న వారంలనే కట్టించిన" అన్నాడు.

నేను ఎక్కను అనబోయాను. అంటే అబద్ధమయ్యేది. భవానిని కూర్చోబెట్టే ముందు ఒక్కసారి నేనే దాటి చూడాలని, ఆదెమ్మను దించిన ఆ గట్టు దాకా వెళ్లి రావాలని, పట్టీలు చీల్చిన మొదటి రోజు నుంచీ నా మనసులో ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే తెలుసుకున్నాడు. ఇన్నాళ్లూ అతన్ని నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. డాక్టర్లు ఏడవద్దన్నారు గానీ ఏడ్చాను.

"ఎక్కనని రాయి. ఆ కాగితంలనే రాయి, నేను సాక్షి సంతకం పెడ్త" అన్నాడు.

కాబట్టి రాస్తున్నాను. ఆపరేషను అయ్యి, డాక్టరు సరేనని, ఆ సరే అన్న మాట జస్టిన్ తన చెవితో వినేంతవరకు నేను ఈ పడవ ఎక్కను. చచ్చాక అమలయ్యే కాగితంలో బతికుండగా ఇచ్చే మాట చెల్లుతుందో లేదో నిర్మలాదేవి గారిని అడగలేదు. మా ఇద్దరి మధ్య చెల్లుతుంది.

ఐదో అంశాన్ని కొట్టివేస్తున్నాను. నా తూర్పు సగం ఇల్లు ఎలాంటి షరతూ లేకుండా స్తుతికి, భవానికి ఉమ్మడిగా చెందుతుంది. పురిటికి వచ్చే ఆడవాళ్లను అందులో ఉంచాలి. ఈ మాట చదివి వినిపిస్తే జస్టిన్, "ఉండనీ. నీ రంపం చప్పుడు కంటే పిల్లల ఏడుపే నయం" అన్నాడు.

ఎనిమిదో అంశాన్ని కూడా కొట్టివేస్తున్నాను. సాక్షికి చెక్క కూడా రాదు కదా. అందుకని మంచం కింది నుంచి దాన్ని తీసి, చీర విప్పి, ఇప్పుడే అతని చేతిలో పెట్టాను. వెనక్కి తిప్పి నాన్న రాత చూశాడు. తర్వాత వంగి పడవ పక్కన చెవి ఆనించినట్టు తల పెట్టి, చీలల వరస మీద వేలితో తడుముకుంటూ ముక్కు దాకా వెళ్లాడు. ముక్కు దగ్గర ఆగి, భవాని చేతిలోని మందుల పెట్టె తీసుకుని గుంటలో పెట్టి సరిపోతుందో లేదో చూశాడు. సరిపోయింది. మోకుతాడు తన దగ్గర ఉందని, కాలువ లాకుల దగ్గర తాడు కొస తనే పట్టుకుంటానని అన్నాడు.

మా సంతకాలు అయ్యేదాకా ఆగే ఓపిక స్తుతికి లేదు. సందులో గునపం మొదలుపెట్టేసింది. ఇటుకలు పడుతున్న చప్పుడుకు నా రాత కదులుతోంది, అక్షరాలు వంకరగా ఉంటే అది గుండె వల్ల కాదు. "మెల్లగ కొట్టు బిడ్డా, ఇటుక పెళ్ల లోపటికి ఎగిరితే పడవకు తగుల్తది" అని జస్టిన్ ఇక్కడి నుంచే అరుస్తున్నాడు.

పైన రాసినదంతా నేను నా చేత్తో రాసి, చదువుకుని, సమ్మతించి, ఇద్దరు సాక్షుల కళ్లముందు సంతకం చేస్తున్నాను.

దుమ్ముగూడెం,
2007 ఆగస్టు 6

(సంతకం) విశ్రాంతమ్మ

సాక్షులు:

1. (సంతకం) బిచ్యా, రిటైర్డ్ కాంపౌండరు, దుమ్ముగూడెం. ఆమె సంతకం చేయగా చూశాను.

2. (సంతకం) జస్టిన్, తండ్రి యేసుదానం, ఆర్టీసీ కండక్టరు, దుమ్ముగూడెం. మా అక్క సంతకం చేయంగ చూసిన. దీని కింద నాకేమీ రాదని ఎరికయ్యే సంతకం పెట్టిన. ఆమె పడవ ఎక్కనన్న మాటకు గూడ నేనే సాక్షి.